ఆర్థిక థ్రిల్లర్ నవలపై అభిప్రాయం రాయడం ఎలా?

ఆర్థిక నేరాల చుట్టూ అల్లిన వేగవంతమైన నవల గురించి పాఠకులు రాసే అభిప్రాయాల్లో తరచుగా కనిపించే మాట ‘ఏకబిగిన చదివించింది’ అన్నది. అది మనస్ఫూర్తిగా చేసే ప్రశంసే అయినా, ఆ పుస్తకం కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న మరో పాఠకుడికి దానివల్ల ఒరిగేది తక్కువ, ఎందుకంటే హత్యా పరిశోధన నవలకూ, గూఢచారి నవలకూ కూడా ఆ మాట అంతే చక్కగా సరిపోతుంది. బ్యాంకు, షేర్ మార్కెట్, డొల్ల కంపెనీ, ఆడిట్ నివేదిక వంటివి కథకు ఆయువుపట్టుగా ఉన్న నవలను వాటి ఊసెత్తకుండా అంచనా వేయడం కుదరదు. చార్టర్డ్ అకౌంటెన్సీ చదవని సాధారణ పాఠకులు కూడా ఇటువంటి నవలపై తోటివారికి పనికివచ్చే అభిప్రాయం ఎలా రాయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. నా దృష్టిలో అన్నిటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: కథలోని డబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరి చేతుల మీదుగా, సరిగ్గా ఆ సమయంలోనే ఎందుకు కదిలిందో పుస్తకం మూసిన తరువాత మీరు మరొకరికి చెప్పగలరా? చెప్పగలిగితే ఆ నవల తన వేగాన్ని న్యాయంగా సంపాదించుకున్నట్టే. చెప్పలేకపోతే, ఆ పరుగు ఏదో ఒక ఖాళీని కప్పిపుచ్చుతోందేమో వెతకాలి.

రెండు విడతల పఠనం

మొదటి విడతలో కలం, కాగితం పక్కన పెట్టి, రచయిత నడిపించిన దారిలోనే నడవండి. అయితే రెండు రకాల చోట్లను మాత్రం గుర్తు పెట్టుకోండి: పుస్తకం కింద పెట్టాలనిపించిన పుటలు, అర్థం కాక వెనక్కి తిరిగి చదివిన పుటలు. ఈ రెండూ ఒకటి కాదు. మొదటిది ఆసక్తి సడలిన చోటు, రెండవది వివరణ చాలని చోటు. వీటిని కలిపేసి ‘మధ్యలో కాస్త బోరు కొట్టింది’ అని రాయడం వల్ల రచయితకూ, పాఠకులకూ కూడా సరైన సమాచారం అందదు. వెనక్కి తిరిగి చదివిన తరువాత విషయం తేటపడి, ఆ తేటదనమే తరువాతి మలుపును మరింత పదునెక్కించిందా, లేక ఎన్నిసార్లు చదివినా మబ్బుగానే మిగిలిందా అన్నది కూడా రాసి పెట్టుకోదగిన సంగతే.

రెండవ విడతలో నవల మొత్తం చదవనవసరం లేదు. డబ్బు, పత్రం, సంతకం, పాస్‌వర్డ్, షేర్ చేతులు మారిన సన్నివేశాలను మాత్రమే వరుసగా చదవండి. మంచి ఆర్థిక థ్రిల్లర్‌లో ఇవి ఒకదానికొకటి అతుక్కుని, మొత్తం పుస్తకంలోని ఉపకథలన్నీ తీసేసినా నిలబడగలిగే ఒక చిన్న కథ అవుతాయి. బలహీనమైన నవలలో వీటి మధ్య పెద్ద పెద్ద ఖాళీలు కనిపిస్తాయి. మొదటిసారి ఆ ఖాళీల మీదుగా మనల్ని దాటించినది ఒక కారు ఛేజింగో, ఒక హత్యో అయి ఉంటుంది.

డబ్బు దారిని గీయడం

ఒక కాగితం మీద ఐదు విషయాలు రాసుకోండి: డబ్బు అసలు యజమాని ఎవరు, దాన్ని కదిలించే అధికారం ఎవరిది, ఆ అధికారం నేరస్థుడికి ఎలా దక్కింది, డబ్బు చివరికి ఎక్కడ కనిపించకుండా పోయింది, విషయం బయటపడడానికి అంత సమయం ఎందుకు పట్టింది. ఈ ఐదింటిలో మొదటి నాలుగింటికి చాలామంది రచయితలు ఏదో ఒక సమాధానం ఇస్తారు. ఐదవ ప్రశ్న దగ్గరే మంచి నవలకూ, మామూలు నవలకూ తేడా తెలుస్తుంది. డబ్బు పోయిందని ఎవరికీ తెలియని ఆ మధ్యకాలమే ఆర్థిక థ్రిల్లర్‌కు ప్రాణం కనుక, అది ఎందుకు ఏర్పడిందో రచయితకు స్పష్టంగా తెలిసి ఉండాలి.

ఈ విషయంలో కొలబద్దగా పెట్టుకోదగిన నిజ సంఘటన ఒకటి ఉంది. 2016 ఫిబ్రవరిలో, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకుకు ఉన్న ఖాతా నుంచి దాదాపు 95.1 కోట్ల డాలర్లు కాజేయడానికి ప్రయత్నం జరిగింది. దుండగులు ఢాకాలోని బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడి, ప్రపంచ బ్యాంకులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే స్విఫ్ట్ వ్యవస్థ ద్వారా, ఆ బ్యాంకే పంపినట్టుగా చెల్లింపు ఆదేశాలు పంపారు. వారు ఎంచుకున్న సమయం గమనించదగినది. ఫిబ్రవరి 4 గురువారం రాత్రి పని మొదలైంది. మరునాడు శుక్రవారం బంగ్లాదేశ్‌లో వారాంతపు సెలవు. ఢాకాలో ఆదివారం పని మొదలయ్యేసరికి న్యూయార్క్‌లో సెలవు. ఫిబ్రవరి 8 సోమవారం చాంద్రమాన నూతన సంవత్సరం కారణంగా డబ్బు చేరవలసిన మనీలాలో సెలవు. బ్యాంకులో స్విఫ్ట్ సందేశాలను అచ్చు వేసే ప్రింటర్ కూడా పనిచేయకుండా చేశారు. అంటే మూడు దేశాల సెలవులను ఒకదాని పక్కన ఒకటి పేర్చి, ఎవరూ ఎవరినీ సంప్రదించలేని కొన్ని రోజుల వ్యవధిని సృష్టించుకున్నారు. మనీలాలోని ఒక బ్యాంకు శాఖకు చేరిన 8.1 కోట్ల డాలర్లలో చాలా భాగం జూదశాలల వైపు మళ్లింది. అప్పట్లో ఫిలిప్పీన్స్ మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి జూదశాలలు రాకపోవడమే అందుకు కారణం.

పైన చెప్పిన ఐదు ప్రశ్నలకూ ఈ సంఘటనలో సమాధానాలు దొరుకుతాయి, పైగా ప్రతి సమాధానమూ ఒక నిర్దిష్టమైన నియమం మీదనో, సెలవు మీదనో, యంత్రం మీదనో ఆధారపడి ఉంది. మీరు చదివిన నవలను దీని పక్కన పెట్టి చూడండి. ‘హ్యాకర్ నాలుగు మీటలు నొక్కాడు, డబ్బు మాయమైంది’ అన్న స్థాయిలోనే నవల ఆగిపోతే ఆ సంగతి మొహమాటం లేకుండా రాయండి. ఫలానా సెలవు రోజునో, ఫలానా గుమాస్తా అలవాటునో, ఫలానా పత్రం చేరడానికి పట్టే రెండు రోజులనో ఆధారం చేసుకుని రచయిత కథ కట్టి ఉంటే, దాన్ని ప్రత్యేకంగా ప్రశంసించండి. అటువంటి రచయిత ఎంతో శ్రమించి ఉంటాడు, ఆ శ్రమను గుర్తించగలిగేది శ్రద్ధగా చదివిన పాఠకులే.

ఇదే సంఘటనలో యాదృచ్ఛికతను గురించిన పాఠం కూడా ఉంది. శ్రీలంకకు వెళ్లవలసిన 2 కోట్ల డాలర్ల బదిలీ, గ్రహీత సంస్థ పేరులోని ఫౌండేషన్ అన్న మాటను ఇంగ్లీషులో తప్పుగా రాయడం వల్ల అనుమానం కలిగి ఆగిపోయింది. మిగిలిన ఆదేశాల్లో ఉన్న మనీలా శాఖ చిరునామాలోని జూపిటర్ అనే మాట, అమెరికా ఆంక్షల జాబితాలో వేరే కారణంతో ఉన్న పేరుతో కలవడం కూడా అధికారుల దృష్టి పడడానికి దోహదం చేసింది. ఇలాంటిది నవలలో వస్తే ‘నమ్మశక్యంగా లేదు’ అని పాఠకులు కొట్టిపారేస్తారు. నా అభిప్రాయంలో యాదృచ్ఛిక ఘటన నేరస్థుడి పథకాన్ని చెడగొడితే క్షమించవచ్చు. అదే యాదృచ్ఛికత కథానాయకుడిని గండం నుంచి గట్టెక్కిస్తే మాత్రం క్షమించలేము, ఎందుకంటే అప్పుడు అతని తెలివితేటలు చేయవలసిన పనిని అదృష్టం చేసిపెట్టినట్టవుతుంది. మీ అభిప్రాయంలో ‘యాదృచ్ఛికాలు ఎక్కువ’ అని రాయదలిస్తే, అవి ఎవరి పక్షాన పనిచేశాయో కూడా చెప్పండి.

తాళం ఎవరి చేతిలో ఉంది?

పెద్ద మోసాలు చాలావరకు అసాధారణ మేధస్సు వల్ల జరగవు. ఒకరినొకరు తనిఖీ చేయవలసిన రెండు పనులు ఒకే చేతిలో పడడం వల్ల జరుగుతాయి. 1762లో స్థాపితమైన బ్రిటన్ బేరింగ్స్ బ్యాంకు 1995 ఫిబ్రవరిలో కుప్పకూలినప్పుడు బయటపడినది ఇదే. సింగపూర్‌లో నిక్ లీసన్ అనే ఆ బ్యాంకు యువ ఉద్యోగి మార్కెట్ లావాదేవీలు చేయడంతో పాటు, ఆ లావాదేవీల లెక్కలు తేల్చే విభాగాన్ని కూడా తానే చూసుకునేవాడు కాబట్టి, 88888 అనే ఖాతాలో నష్టాలను దాచగలిగాడు. ఆ ఏడాది జనవరి 17న జపాన్‌లోని కోబేలో వచ్చిన భూకంపం తరువాత జపాన్ మార్కెట్ పడిపోవడంతో, అప్పటికే ఉన్న నష్టాలు అదుపు తప్పి చివరికి 82.7 కోట్ల పౌండ్లకు చేరాయి. బ్యాంకును డచ్ సంస్థ ఐఎన్‌జీ 1 పౌండుకు కొనుగోలు చేసింది. 2018 ఫిబ్రవరిలో వెలుగుచూసిన పంజాబ్ నేషనల్ బ్యాంకు వ్యవహారంలో, ముంబైలోని ఒక శాఖ నుంచి స్విఫ్ట్ ద్వారా వెళ్లిన హామీ పత్రాలు బ్యాంకు ప్రధాన లెక్కల వ్యవస్థలో నమోదు కాకపోవడమే లొసుగు. 1992 నాటి మన సెక్యూరిటీల (ప్రభుత్వ బాండ్ల వంటి పత్రాల) కుంభకోణంలో, వెనుక సెక్యూరిటీలు లేని బ్యాంకు రసీదులు చలామణి కావడం లొసుగు.

ఈ ఉదాహరణలు చెప్పడంలో నా ఉద్దేశం మీరు వీటిని మీ అభిప్రాయంలో ఉటంకించాలని కాదు. నవలలోని తాళం ఎక్కడుందో వెతికే చూపు వీటివల్ల అలవడుతుంది. ‘ఈ పని జరగడానికి ఏ ఇద్దరు మనుషులు ఒకరినొకరు తనిఖీ చేయడం మానేశారు?’ అని నవలను అడగండి. సమాధానం దొరికితే ప్రతినాయకుడు అతీంద్రియ శక్తి కలిగినవాడిలా కాకుండా మనిషిలా కనిపిస్తాడు. దొరకకపోతే, ఎంత తెలివైనవాడని రచయిత పదే పదే చెప్పినా ఆ తెలివి మనకు అనుభవంలోకి రాదు.

కాలం, చట్టం, నియమం

కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో గుర్తించి, ఆనాటి నియమాలతో సరిపోల్చడం తరువాతి పని. మన దేశంలో షేర్లను కాగితాలుగా కాకుండా ఎలక్ట్రానిక్ ఖాతాలో ఉంచే డీమ్యాట్ విధానం 1996లో మొదలైంది కాబట్టి, 1990ల తొలి సంవత్సరాల్లో జరిగే కథలో నకిలీ షేర్ సర్టిఫికెట్ల కట్టలు కనిపిస్తే నమ్మవచ్చు, అవే 2015 నాటి కథలో కనిపిస్తే రచయిత కారణం చెప్పాలి. షేర్లు కొన్న మరుసటి పనిదినానికే లావాదేవీ పూర్తయ్యే పద్ధతి మన మార్కెట్లో 2023 జనవరి నుంచి పూర్తిగా అమల్లో ఉంది. అమెరికాలో 2024 మే నుంచి వచ్చింది. అంతకుముందు జరిగే కథలో ఆ గడువు ఇంకా ఎక్కువ ఉండేది కాబట్టి, నేరస్థుడికి దొరికే వ్యవధి కూడా ఎక్కువ. స్విస్ బ్యాంకు రహస్య ఖాతా అనేది థ్రిల్లర్లలో బాగా నలిగిన సరుకు. కానీ స్విట్జర్లాండ్ 2019 సెప్టెంబరులో భారతదేశంతో ఖాతాల వివరాలను క్రమం తప్పక పంచుకోవడం మొదలుపెట్టిన తరువాత జరిగే కథలో, భారతీయ పాత్ర తన సొంత పేరు మీద అక్కడ డబ్బు దాచి నిశ్చింతగా ఉన్నట్టు చూపిస్తే అది అంగీకరించదగినది కాదు.

అయితే తప్పులు పట్టే ఉత్సాహంలో మనమే తప్పటడుగు వేసే ప్రమాదం ఉంది. ఉదాహరణకు, ఒక్కరోజులో ఒక పెద్ద కంపెనీ షేరు నాలుగింట మూడు వంతుల విలువ కోల్పోయినట్టు నవలలో ఉంటే, ‘సర్క్యూట్ పరిమితులు (ఒక్కరోజులో ధర ఇంతకు మించి మారకుండా పెట్టే హద్దులు) ఉండగా ఇది అసాధ్యం’ అని వెంటనే రాయాలనిపిస్తుంది. మన మార్కెట్లో సూచీలకు 10, 15, 20 శాతం దగ్గర లావాదేవీలు నిలిపివేసే నిబంధన ఉన్న మాట నిజమే. 2020 మార్చిలో అలా రెండుసార్లు నిలిచిపోయింది కూడా. కానీ ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ముందు తేదీకి కుదుర్చుకునే కొనుగోలు, అమ్మకాల ఒప్పందాలు) విభాగంలో ఉన్న షేర్లకు మామూలు షేర్లకు ఉన్నట్టు స్థిరమైన రోజువారీ పరిమితి ఉండదు. అందువల్లనే 2009 జనవరి 7న, హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ లెక్కల తారుమారును అంగీకరిస్తూ లేఖ రాసిన రోజున, ఆ షేరు ఒక్కరోజులోనే నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. కాబట్టి ఒక విషయం అసాధ్యమని రాసే ముందు ఎక్స్చేంజీ నిబంధనలో, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వులో ఒకసారి చూడండి. నిర్ధారించుకోలేకపోతే ‘ఈ విషయంలో నాకు నమ్మకం కుదరలేదు’ అని మీ అనుభవంగా చెప్పండి.

నియమానికి సంబంధించిన చిన్న పొరపాటు నవలను కూల్చదు. సాయంత్రం 3 గంటల 30 నిమిషాలకు మూసే మార్కెట్‌ను రచయిత 4 గంటలకు మూయించినా, ఆ అరగంట మీద కథ ఆధారపడకపోతే దాన్ని ఒక వాక్యంలో ప్రస్తావించి వదిలేయడమే ధర్మం. కథ మొత్తం ఆ అరగంట మీదే నిలబడి ఉంటే మాత్రం అది పునాదిలోని లోపం అవుతుంది.

వేగాన్ని అంచనా వేయడం

‘చాలా వేగంగా సాగింది’ అని రాసే ముందు ఆ వేగం దేనివల్ల వచ్చిందో విడదీసి చూడాలి. పొట్టి అధ్యాయాలు, ప్రతి అధ్యాయం చివర ఒక ఉత్కంఠ, ఒక నగరం నుంచి మరో నగరానికి గెంతడం అనేవి పైపై వేగాన్ని ఇస్తాయి. ఈ పద్ధతి తెలుగు పాఠకులకు కొత్తది కాదు. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వంటి వారపత్రికల్లో సీరియళ్లు చదివిన తరానికి, వచ్చే వారం దాకా ఊపిరి బిగబట్టించే ముగింపు అంటే ఏమిటో బాగా తెలుసు. వారం వారం చదివేటప్పుడు ఆ కొసలు ఎంతో ఆనందాన్నిచ్చినా, అవే పుస్తకరూపంలో ఇరవై పుటలకు ఒకటి చొప్పున కచ్చితమైన దూరంలో వస్తుంటే, కొంతసేపటికి పాఠకుడు వాటిని ముందుగానే ఊహించడం మొదలుపెడతాడు. మీరు చదివిన నవలలో అలా జరిగిందా అని చూడండి.

రెండవ రకం వేగం గడువు వల్ల వస్తుంది. త్రైమాసిక ఫలితాలు ప్రకటించవలసిన తేదీ, తనఖా పెట్టిన షేర్లకు అదనపు మార్జిన్ (హామీ సొమ్ము) కట్టవలసిన గంట, సోమవారం బ్యాంకు తలుపులు తెరుచుకునే సమయం వంటివి ఆర్థిక ప్రపంచంలో సహజంగా ఉండే గడువులు. వీటిని వాడుకునే రచయితకు తుపాకులూ, పేలుళ్లూ పెద్దగా అవసరం పడవు. డబ్బు కట్టకపోతే ఏమవుతుందో పాఠకుడికి ముందే అర్థమైతే, గడియారం ముల్లు కదలడమే ఉత్కంఠ అవుతుంది. ఆర్థిక థ్రిల్లర్‌కు తనదంటూ ఉన్న ప్రత్యేకమైన ఆనందం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. చివరి వంద పుటల్లో కథ లెక్కలను పూర్తిగా వదిలేసి వెంటాడడాలకూ, కాల్పులకూ మారిపోతే, పైకి వేగం పెరిగినట్టే కనిపించినా, ఆ నవల తన సొంత బలాన్ని వదులుకున్నట్టే. పాఠకుల అభిప్రాయాల్లో తరచుగా కనిపించే ‘ముగింపు తేలిపోయింది’ అన్న అసంతృప్తి వెనుక చాలాసార్లు ఉండే కారణం ఇదే కనుక, ఆ మాట రాసి ఊరుకోకుండా కారణాన్ని కూడా రాయండి.

మోసానికి ఒక లయ ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. అది ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగి, రోజుల్లో కూలుతుంది. సత్యం వ్యవహారంలో లేని నగదును లెక్కల్లో చూపడం చాలా ఏళ్లు సాగింది. 5,040 కోట్ల రూపాయల మేరకు నగదు, బ్యాంకు నిల్వలు ఎక్కువ చేసి చూపినట్టు లేఖలో ఉంది. ఆ ఖాళీని నిజమైన ఆస్తులతో పూడ్చేందుకు ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొనే ప్రతిపాదనను 2008 డిసెంబరు 16న ప్రకటించడం, వాటాదారుల ఆగ్రహంతో వెంటనే వెనక్కి తీసుకోవడం, ఆపై మూడు వారాలకే లేఖ వెలువడడం మాత్రం ఊపిరి తిప్పుకోనివ్వని వేగంతో జరిగాయి. మీ నవల ఈ రెండు లయల్నీ పట్టుకోగలిగిందా, లేక మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒకే ఊపులో పరుగెత్తిందా? ఒకే ఊపు అలసట కలిగిస్తుంది. నెమ్మదిగా సాగిన అధ్యాయాన్ని దోషంగా లెక్కించే ముందు, ఆ నెమ్మది తరువాతి పతనానికి బరువునిచ్చిందేమో ఆలోచించండి.

వివరణలు వేగానికి శత్రువులని చాలామంది అనుకుంటారు, కానీ అది వివరణ ఇచ్చే తీరును బట్టి ఉంటుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ఇద్దరు బ్యాంకర్లు బాండు అంటే ఏమిటో ఒకరికొకరు విడమర్చి చెప్పుకుంటుంటే అది పాఠకుడి కోసం జరిగే నాటకమని తెలిసిపోతుంది. అదే విషయం, తనకు తెలియదని ఒప్పుకోలేని ఒక కొత్త ఉద్యోగికి పొరపాటు ద్వారా తెలిసివస్తే, వివరణా కథా ఒకటైపోతాయి. షేర్ మార్కెట్ తెలియని వారికి నవల అర్థమవుతుందా అన్న ప్రశ్నకు మీ అభిప్రాయంలో తప్పక సమాధానం ఉండాలి. షార్ట్ సెల్లింగ్ (చేతిలో లేని షేరును ముందే అమ్మడం), మార్జిన్, హెడ్జింగ్ (నష్టభయం తగ్గించుకోవడానికి చేసే ఎదురు లావాదేవీ) వంటి వాటిలో ఏది తెలియకపోతే కథ అందదో ఒక వాక్యంలో చెబితే చాలు.

మనుషుల సంగతి

ఈ తరహా నవలల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా వెతికేది నష్టపోయినవారిని. కోట్ల అంకెలు పుట పుటకూ దొర్లుతున్నప్పుడు ఆ కోట్లు ఎవరివో మరచిపోవడం చాలా తేలిక. పింఛను నిధి మునిగితే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి ఏమైందో, కంపెనీ కూలితే వేల మంది ఉద్యోగుల ఇళ్లలో నెలాఖరు ఎలా గడిచిందో కనీసం ఒక్క సన్నివేశంలోనైనా చూపిన నవల, చూపని నవల కంటే లోతైనది. చిట్టీలూ, డిపాజిట్లూ పోగొట్టుకున్న కుటుంబాలను దగ్గర నుంచి చూసిన మన పాఠకులు ఈ లోటును త్వరగా పసిగడతారు. పసిగట్టిన సంగతి అభిప్రాయంలోకి రావాలి.

పాత్రల విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. నవలలోని ఫలానా పారిశ్రామికవేత్త నిజ జీవితంలోని ఫలానా వ్యక్తేనని ప్రకటించకండి. రచయిత స్వయంగా చెప్పి ఉంటే తప్ప అది ఊహే అవుతుంది. పైగా కల్పిత పాత్ర చేసిన నేరాలన్నిటినీ బతికున్న మనిషి మీద మోపినట్టవుతుంది. ఒక కాలంలో జరిగిన సంఘటనల నీడ కథ మీద పడిందని చెప్పడం వేరు, వ్యక్తిని వేలెత్తి చూపడం వేరు.

ఇతరుల అభిప్రాయాలను తూచడం

మీరు రాయడానికి ముందు ఇతరులు ఏమన్నారో చూడకపోవడమే మేలు. మీ ముసాయిదా పూర్తయిన తరువాత చూడండి. ఒకే నవలను బ్యాంకు ఉద్యోగి ‘అవాస్తవం’ అని, గృహిణి ‘అద్భుతం’ అని, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ‘లెక్కలు మరీ ఎక్కువ’ అని అంటే ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఏ అభిప్రాయానికి ఎంత విలువ ఇవ్వాలో తేల్చేందుకు నేను చూసేది రాసినవారి వృత్తిని కాదు, వారు పుస్తకంలోని ఒక నిర్దిష్టమైన చోటును చూపించారా లేదా అన్నది. నిపుణుడి ఆగ్రహం కూడా చోటు చూపకపోతే వట్టి ఆగ్రహమే. మామూలు పాఠకురాలు ‘ఆడిటర్‌కు అనుమానం వచ్చిన తరువాత కూడా ఆయన బ్యాంకుకు నేరుగా ఎందుకు ఉత్తరం రాయలేదు?’ అని అడిగితే, అది నవల గుండెకాయను తాకే ప్రశ్న.

గ్రంథాలయంలోనో, పుస్తక ప్రియుల బృందంలోనో కలిసి చదివే అవకాశం ఉంటే ఒక పని చేసి చూడండి. చర్చ మొదలు కాకముందే ప్రతి ఒక్కరూ డబ్బు దారిని విడివిడిగా గీయాలి, తరువాత ఆ కాగితాలను పక్కపక్కన పెట్టాలి. అందరి గీతలూ ఒకే చోట తెగిపోతే లోపం నవలది. ఒక్కొక్కరిది ఒక్కో చోట తెగితే, ఆ నవల రెండవ పఠనాన్ని కోరుతోందని అర్థం.

రాసే తీరు

మొదటి పేరాలో కథ స్థలం, కాలం, ఏ రకమైన ఆర్థిక వ్యవహారం చుట్టూ తిరుగుతుందో చెప్పి, మీ తీర్పును దాచకుండా ఒక వాక్యంలో ఇవ్వండి. కథాసారాన్ని నవలలోని మొదటి పావు భాగం దాటనివ్వకండి. హత్యా నవలలో హంతకుడి పేరు చెప్పకపోతే సరిపోతుంది. ఇక్కడ మాత్రం ‘ఎవరు’ అన్నదాని కంటే ‘ఎలా’ అన్నదే అసలు రహస్యం కాబట్టి, మోసం జరిగిన పద్ధతిని విప్పడమే పెద్ద అపచారం. పద్ధతి గురించి చర్చించక తప్పదనుకుంటే ఆ భాగాన్ని చివరకు జరిపి, అంతకుముందే స్పష్టమైన హెచ్చరిక ఇవ్వండి.

మధ్య పేరాలకు డబ్బు దారి, వేగం, మనుషులు అన్న మూడు విషయాలూ చాలు. మూడింటికీ సమానమైన చోటు ఇవ్వనవసరం లేదు, నవల ఎక్కడ బలంగా ఉందో అక్కడ ఎక్కువ రాయండి. సాధారణ వాక్యాన్ని నిర్దిష్టంగా మార్చడం ఎలాగో ఒక ఊహాత్మక నవలను తీసుకుని చూద్దాం. ‘కథనం బాగుంది కానీ కొన్ని చోట్ల లాజిక్ లేదు’ అన్న వాక్యం స్థానంలో ఇలా రాయవచ్చు: ‘శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా జరిగే మొదటి రెండు వందల పుటలు చక్కగా బిగిసి ఉన్నాయి, ఎందుకంటే బ్యాంకు తెరుచుకునేలోగా హామీ పత్రం వెనక్కి తీసుకోకపోతే నాయిక ఉద్యోగంతో పాటు ఇల్లు కూడా పోతుందని మనకు తెలుసు. అయితే ఆ పత్రం మీద రెండవ సంతకం చేయవలసిన అధికారి ఎవరన్నది రచయిత ఎక్కడా చెప్పకపోవడంతో, పథకం మొత్తం ఒక తెలియని మనిషి నిర్లక్ష్యం మీద ఆధారపడినట్టయింది.’ ఈ రెండు వాక్యాలు చదివినవారికి పుస్తకంలో ఏముందో, మీకు ఏది నచ్చిందో, ఏది వెలితిగా అనిపించిందో తెలుస్తుంది. రహస్యం మాత్రం బయటపడదు.

నక్షత్రాల రేటింగు ఇవ్వవలసి వస్తే, అది దేనికి ఇస్తున్నారో మాటల్లో చెప్పండి. ప్రయాణంలో కాలక్షేపానికి నాలుగు నక్షత్రాలకు అర్హమైన నవల, ఆర్థిక వ్యవహారాల చిత్రణకు రెండింటికే అర్హం కావచ్చు. ఈ రెండింటినీ కలిపి మూడు ఇచ్చేస్తే ఇద్దరు పాఠకులకూ అన్యాయమే. అనువాదం చదివి ఉంటే ఆ విషయం రాయండి, ఎందుకంటే తడబడే వాక్యాల నింద మూల రచయిత మీద పడకూడదు. ఆడియో పుస్తకంగా విని ఉంటే కూడా చెప్పండి. అంకెలు, ఖాతాల పేర్లు ఎక్కువగా ఉన్న నవల చెవికి అందడం వేరు, కంటికి అందడం వేరు. మీరు బ్యాంకులోనో, ఆడిట్ సంస్థలోనో పనిచేస్తుంటే ఒక మాటలో తెలియజేయండి, పుస్తకం ఉచితంగా అందితే దాన్నీ దాచకండి. ప్రచురించిన తరువాత ఎవరైనా మీరు ఎత్తి చూపిన తప్పు అసలు తప్పే కాదని ఆధారంతో చూపిస్తే, పాత వాక్యాన్ని తొలగించకుండా దాని కిందనే సవరణను తేదీతో సహా చేర్చండి.